మొక్కలు నాటాం, పండ్లు ఎప్పుడు కోస్తాం?

ఈసారి శరదృతువు విహారయాత్ర ఎక్కడికి అన్న విషయం మీద మా బడిలో రెండు అభిప్రాయాలున్నాయి. రోప్‌వే ఉన్న కొండకు వెళ్దామని చాలామంది అంటున్నారు. నిరుడు వెళ్ళినట్టే ఆపిల్ తోటకు వెళ్దామని కొద్దిమంది అంటున్నారు. ఈ తెలుగు పేజీలు నింపే మేం పదకొండు మందిమీ ఆ కొద్దిమందిలో ఉన్నాం. ఎందుకున్నామో తరగతి ప్రతినిధుల సమావేశంలో హిందీలో చెప్పబోతే సగం మాట గొంతులోనే ఉండిపోయింది. అందుకని తీరిగ్గా, తెలుగులో, ఇక్కడ రాస్తున్నాం. ప్రిన్సిపల్ గారికి తెలుగు రాదు. మా సోషల్ మేడమ్ చదివి అర్థం చెబుతామన్నారు. మేడమ్ గారూ, దయచేసి ఏ వాక్యమూ వదలకండి.

ముందు మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. బదిలీ ఉద్యోగుల పిల్లలం మనం మొక్కలు నాటడంలో ఆరితేరినవాళ్ళం. ఏటా జూలైలో వనమహోత్సవం వస్తుంది. ఏ ఊళ్ళో ఉన్నా అదే తంతు: ఒక గుంత, ఒక మొక్క, బకెట్ నీళ్ళు, ఒక ఫోటో. మాలో ఒకరు విశాఖలో బాదం మొక్క నాటారు, నాగపూర్‌లో వేప నాటారు, ఇక్కడికి వచ్చాక దేవదారు నాటారు. మూడు ఊళ్ళలో మూడు మొక్కలు. వాటిలో ఏది బతికి ఉందో చెప్పేవాళ్ళు లేరు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తుంది, మొక్క మన నడుము ఎత్తుకు రాకముందే సామాను లారీ ఎక్కుతుంది. ఈ పత్రిక చదివే మీలో చాలామందిదీ ఇదే కథ అయి ఉంటుంది. నాటడం మన వంతు, పండు తినడం ఇంకెవరి వంతో.

అందుకే నిరుడు బియాస్ నదికి పైన, కొండ వాలు మీద ఉన్న ఒక తోటలో మా చేతులతో కాయలు కోసినప్పుడు మాకు కొత్తగా అనిపించింది. ఎవరో ఎప్పుడో నాటిన చెట్టు. మేం నాటలేదు, నీళ్ళు పోయలేదు. అయినా కాయ మా చేతికి వచ్చింది. మనం విశాఖలో నాటిన బాదం చెట్టు కింద కూడా ఇప్పుడు ఎవరో పిల్లలు కాయలు కొట్టుకు తింటూ ఉండవచ్చు కదా అని మాలో ఒకరు అన్నారు. ఆ మాట రోప్‌వే ఎక్కితే తట్టదు.

ఇక్కడి ఆపిల్ కూడా మనలాగే బయటి నుంచి వచ్చిందే. కులూ లోయలో బండ్రోల్ అనే చోట కెప్టెన్ ఆర్.సి. లీ అనే ఆంగ్లేయుడు 1870లో తోట వేశాడు. సిమ్లా వైపు కోట్‌గఢ్‌లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ డెలిషియస్ రకాలు తెచ్చి పెంచాడు. ఆయన 1904లో మన దేశానికి వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, సత్యానంద్ అని పేరు మార్చుకుని, తిరిగి వెళ్ళకుండా ఉండిపోయాడు. ఇప్పుడు హిమాచల్ అనగానే దేశమంతటికీ ఆపిల్ గుర్తుకు వస్తుంది. అది ఇక్కడిది కాదని అనగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మేం తోటకు వెళ్ళింది సెప్టెంబరు ఆఖరులో. కింది తోటల్లో కోత ఎప్పుడో అయిపోయింది, పై వాలులో ఆలస్యంగా పండేవి మాత్రం మిగిలాయి. తోట పెద్దాయనను మేమందరం దాదాజీ అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని ముందు కాయ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఖాళీ పిడికిలి పెట్టించి తిప్పడం నేర్పారు. ఆపిల్‌ను లాగకూడదు. అరచేతిలోకి తీసుకుని, కొద్దిగా పైకెత్తి, మెలితిప్పితే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. లాగితే తొడిమ కాయ నుంచి ఊడిపోతుంది, తొడిమ లేని కాయకు మండీలో ధర తగ్గుతుంది. ఇంకా గట్టిగా లాగితే కాయతో పాటు అది కాసిన పొట్టి రెమ్మ కూడా విరిగి వస్తుంది. వచ్చే ఏడు పూసే మొగ్గ ఉండేది ఆ రెమ్మ మీదే. "లాగావంటే రెండు కాయలు పోయినట్టు, ఒకటి ఈ ఏటిది, ఒకటి వచ్చే ఏటిది" అన్నారు దాదాజీ. ఆ తర్వాత ఎవరూ లాగలేదు.

కోసిన కాయను బుట్టలోకి విసరకూడదు, గుడ్డును పెట్టినట్టు పెట్టాలి. ఇక్కడ వీపుకు తగిలించుకునే వెదురు బుట్టను కిల్టా అంటారు. నిండిన కిల్టా ఎత్తబోయి మాలో బలవంతుడని పేరున్నవాడు వెనక్కి కూర్చుండిపోయాడు. తర్వాత నీడలో కూర్చుని కాయలు వేరు చేశాం. ఎక్స్‌ట్రా లార్జ్ నుంచి మొదలుపెట్టి లార్జ్, మీడియం, స్మాల్, ఎక్స్‌ట్రా స్మాల్, అన్నిటికన్నా చిన్నది పిత్తూ. మా జట్టులో ఆరో తరగతి వాడికి ఆ రోజు నుంచి పిత్తూ అనే పేరు స్థిరపడింది. వాడు మొదట ఏడ్చాడు, ఇప్పుడు నోటు పుస్తకం మీద కూడా అదే రాసుకుంటున్నాడు. 2024 నుంచి హిమాచల్‌లో ఒకే కొలత అట్టపెట్టె వాడాలన్న నిబంధన వచ్చింది, సుమారు 20 కిలోలు పడుతుంది. అంతకు ముందు పెట్టెను ఉబ్బించి ఎక్కువ కాయలు కుక్కితేగానీ వ్యాపారులు ఒప్పుకునేవారు కాదట, ధర మాత్రం పెట్టె లెక్కనే. మార్కెట్ పాఠం, తూకం పాఠం రెండూ ఒకే పెట్టెలో నేర్చుకున్నాం.

తోటకు వెళ్ళడం వద్దనేవాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి మాకు నిజంగా ఆలోచించవలసిందిగా కనిపించింది. నలభై మంది పిల్లలు తోటలో పడితే రైతుకు నష్టం కాదా? అవుతుంది, అడ్డూ అదుపూ లేకపోతే. పడిన ప్రతి కాయకూ దెబ్బ తగులుతుంది, దెబ్బ తగిలిన కాయ పెట్టెలోకి పోదు. అందుకే మేం కోరేది అసలు కోతలో తలదూర్చడం కాదు. కూలీలు కోసుకుపోయాక చేతికందే ఎత్తులో అక్కడక్కడ కాయలు మిగులుతాయి, కింద రాలినవి ఉంటాయి. రాలినవాటిని, మచ్చలున్నవాటిని ప్రభుత్వ ఉద్యాన సంస్థ హెచ్.పి.ఎం.సి. రసానికి, జామ్‌కు కొంటుంది. 2023లో ఆ ధర కిలోకు 12 రూపాయలు. ఒక ఉదయమంతా నలభై మంది వాటిని ఏరి సంచులు నింపితే రైతుకు ఒక పూట కూలీ మిగులుతుంది. నిరుడు మేం చేసింది అదే. మా మధ్యాహ్న భోజనానికి అది మా కిరాయి.

ఇంకొక విషయం కూడా అక్కడే చూశాం, రాయకుండా ఉండలేం. ఆ తోటల్లో కాయలు కోసి మోసేవాళ్ళలో ఎక్కువమంది నేపాల్ నుంచి వచ్చిన కూలీలు. కోత అయిపోగానే ఇంకో లోయకు, ఇంకో పనికి వెళ్తారు. వాళ్ళ పిల్లలు కూడా మనలాగే ఊళ్ళు మారతారు, మనకన్నా ఎక్కువ సార్లే. కానీ మనకు ఆర్డరు కాగితం, టి.సి. చూపిస్తే సంవత్సరం మధ్యలోనైనా కేంద్రీయ విద్యాలయంలో చోటు దొరుకుతుంది. ఏ ఊళ్ళో చేరినా అదే పుస్తకం, అదే పాఠం ఉంటాయి. వాళ్ళ చేతిలో అలాంటి కాగితం లేదు. మాతో పాటు రాలిన కాయలు ఏరిన ఒక పాప మా బస్సు వెళ్ళేదాకా గేటు దగ్గరే నిలబడింది. బదిలీ అనగానే మన కష్టాలు చెప్పుకోవడానికి మనం ఎప్పుడూ సిద్ధమే. ఆ పాప కష్టం మన వ్యాసపోటీల్లో ఎక్కడా కనపడదు.

ఇక రంగు సంగతి. తోట గట్టు మీద రెండు అక్రోటు చెట్లున్నాయి. అక్రోటు అంటే కిరాణా కొట్లో దొరికే గట్టి పెంకు కాయ అనుకునేవాళ్ళం. చెట్టు మీద దానికి మామిడి పిందెలాంటి పచ్చటి తొక్క ఉంటుంది. పండేకొద్దీ అది పగిలి కాయ బయటపడుతుంది. ఆ తొక్కను చేత్తో ఒలిచామో లేదో వేళ్ళు పసుపుగా, గంటలో గోధుమ రంగుగా, సాయంత్రానికి దాదాపు నల్లగా మారిపోయాయి. సబ్బుతో పోదు, నిమ్మకాయతో పోదు. పది రోజులు ప్రార్థన వరసలో గోళ్ళు చూపించినప్పుడల్లా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. పోని రంగు అంటే బట్టకు పనికొచ్చే రంగు అని మా వర్క్ ఎడ్యుకేషన్ మేడమ్ అన్నారు, ఒక గోనెసంచి తొక్కలు బస్సులో ఎక్కించారు.

అయితే ఏ దారం పడితే ఆ దారానికి ఆ రంగు ఎక్కదు. బజారులో ఊలు అని అమ్మేదాంట్లో చాలా భాగం యాక్రిలిక్, అంటే ప్లాస్టిక్ బంధువు. ఒక చిన్న పోగు తీసి మేడమ్ నిప్పుకు చూపించారు. యాక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా మారింది. అసలు ఉన్ని మాత్రం వెంట్రుకలు కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిపితే బూడిదైంది. ఉన్ని కూడా మన వెంట్రుకలాగే ప్రోటీన్ అని సైన్సు పుస్తకంలో చదివిన వాక్యానికి ఆ రోజు వాసన కూడా తోడైంది. శరత్కాలంలో గద్దీ గొర్రెల కాపరులు పై పచ్చిక బయళ్ళ నుంచి మందలతో కిందికి దిగుతారు. చూడబోతే వాళ్ళూ బదిలీ ఉద్యోగులే, ఏడాదికి రెండు సార్లు. వాళ్ళ దగ్గరి ఉన్నితో వడికిన దారం తెల్లగా, కాస్త గరుకుగా ఉంటుంది. దాన్నే కొన్నాం.

అద్దకం పని మేం అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నదానికన్నా ఎక్కువ ఓపిక కావాలి. ఉన్ని బరువుకు రెట్టింపు తొక్కలు రాత్రంతా నానబెట్టి, గంటసేపు ఉడికించి, వడకట్టాలి. దారాన్ని ఉండలుగా కాక చిలపలుగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, ముందు మామూలు నీళ్ళలో తడపాలి. పొడిగా వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. తర్వాత గోరువెచ్చని రంగునీళ్ళలో వేసి సన్నని సెగ మీద గంట ఉంచాలి. తెర్లనివ్వకూడదు, గిరగిరా కలపకూడదు. వేడి మీద ఉన్నిని కుదిపినా, ఒక్కసారిగా చన్నీళ్ళలో ముంచినా పోగులు ఒకదానికొకటి పట్టేసి ముద్ద కట్టిపోతాయి. గిన్నెలోనే తెల్లవారేదాకా చల్లారనివ్వాలి. అక్రోటుకు పటిక అవసరం లేదు, తనంతట తనే పట్టుకుంటుంది. దానిమ్మ తొక్కల పసుపుకు, బంతిపూల పసుపుకు మాత్రం ముందు పటిక నీళ్ళు పట్టించాం, వంద గ్రాముల దారానికి పది గ్రాములు. దానిమ్మ పసుపు గిన్నెలో నాలుగు తుప్పు మేకులు పడేస్తే అదే పసుపు ముదురు ఆకుపచ్చ బూడిద రంగులోకి తిరిగింది. ఇది చూశాక మా కెమిస్ట్రీ సార్ తన తొమ్మిదో తరగతిని కూడా తీసుకొచ్చి గిన్నె చుట్టూ నిలబెట్టారు.

తెలుగు పేజీల్లో ఇదంతా ఎందుకు రాస్తున్నారని కొందరు అడగవచ్చు. మా బడిలో తెలుగు పాఠం లేదు. మా తెలుగంతా ఇంట్లో నేర్చుకున్నదే. నిజం చెప్పాలంటే ఆ ఇంటి తెలుగు కూడా "తిన్నావా", "లెక్కలు చేశావా", "ఫోన్ పక్కన పెట్టు" దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఈ రంగు పని మొదలుపెట్టాక మాకు మాటలు చాలలేదు. మాలో ఒకరి అమ్మమ్మ గారిది పెడన. కలంకారీ అద్దకాల ఊరు. ఫోన్ చేసి, దారం కట్టను ఏమంటారని అడిగితే చిలప అన్న మాట ఆవిడ చెప్పినదే. "పటిక వేశారా? కరక్కాయ దొరకదా అక్కడ?" అని అడిగారు. కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచుతారనీ, పాలవల్ల రంగు పక్కకు పాకదనీ, నల్ల రంగుకు తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడతారనీ చెప్పారు. మా గిన్నెలోని తుప్పు మేకులు ఆవిడకు కొత్త కాదన్నమాట. ఆ ఫోన్ నలభై నిమిషాలు నడిచింది. అంతకు ముందు అమ్మమ్మతో అంతసేపు మాట్లాడింది ఎప్పుడో ఆ మనవరాలికి గుర్తు లేదు.

ఉన్ని మాత్రం మనది కాదు, చలి దేశాల సొత్తు అనుకున్నాం. అదీ తప్పేనని మాలో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన వాడి తాతయ్య తేల్చేశారు. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో గొంగడి నేస్తారు. ఆడవాళ్ళు వడికితే మగవాళ్ళు నేస్తారు, పోగులకు చింతగింజల గంజి పెడతారు. రంగు అక్కరలేదు, గొర్రె రంగే గొంగడి రంగు. ఎండకూ, వానకూ, చలికీ అదే. రోప్‌వేలో అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి అడగవలసిన మాట ఒక్కటైనా ఉంటుందా అని మా ప్రశ్న.

అల్లిక దగ్గరకు వచ్చేసరికి అసలు గొడవ ఉంది. ఈ ఏడు ఆడపిల్లలు మఫ్లర్లు అల్లితే మగపిల్లలు ఆ పీరియడ్‌లో కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్ళవచ్చని ఒక ప్రతిపాదన. మా పదకొండు మందిలో ఆరుగురం మగపిల్లలం. మాకు ఈ వెసులుబాటు అక్కరలేదు. గద్దీ కాపరులు, గడ్డం నెరిసిన మగవాళ్ళు, మంద వెంట నడుస్తూ నడుస్తూ చేతి తకిలితో ఉన్ని వడకడం ఈ లోయలో ఎవరైనా చూడవచ్చు. కులూ శాలువాల మగ్గాల మీద మగవాళ్ళూ కూర్చుంటారు. గొంగడి నేసేది మగవాళ్ళేనని ఇప్పుడే చెప్పాం. మరి రెండు సూదులు పట్టుకుంటే మాకేం తక్కువవుతుంది? కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్తే ఆడపిల్లలూ రావాలి, అల్లికకు కూర్చుంటే మేమూ కూర్చోవాలి.

రెండో గొడవ పీరియడ్లది. పరీక్షలు దగ్గరపడగానే వర్క్ ఎడ్యుకేషన్ పీరియడ్‌ను లెక్కలు మింగేస్తాయి. సరే, లెక్కల్లోనే చెబుతాం. మా మఫ్లర్‌కు సూదికి 40 ఫందాలు. ఫందా అంటే కుట్టు ఉచ్చు, ఇక్కడి మాట. సీధా, ఉల్టా అని రెండు రకాలుంటాయి, మేం సీధాతోనే మొత్తం అల్లాం. పది సెంటీమీటర్లకు 40 వరుసలు వచ్చాయి. మఫ్లర్ పొడవు 150 సెంటీమీటర్లు, అంటే 600 వరుసలు. 600ను 40తో గుణిస్తే 24,000 ఫందాలు. కొత్తవాళ్ళం నిమిషానికి 20 వేస్తాం. 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు 30. వారానికి రెండు చొప్పున 15 వారాలు. అక్టోబరు మధ్యలో మొదలుపెడితే జనవరి ఆఖరుకు గానీ పూర్తి కాదు, ఒక్క పీరియడ్ కూడా పోకపోతేనే. వారానికి ఒకటి లెక్కలకు పోతే వేసవి వస్తుంది, ఉన్ని మఫ్లర్ ఎవరికి కావాలి? నిరుడు మేం బస్సులో, అన్నం తిన్నాక, కరెంటు పోయినప్పుడు కూడా అల్లి పూర్తి చేశాం. నలుగురివి ఇంకా సగంలోనే ఉన్నాయి.

ఇదేదో మేం కొత్తగా అడుగుతున్నది కాదు. చేతిపని ద్వారా చదువు చెప్పాలని 1937లో వార్ధాలో జరిగిన సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించారు. సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని బడిలో ఉండాలని ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ 1977లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని రాసి ఉంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి అని ఉదాహరణలు కూడా అందులోనే ఉన్నాయి. ఆ పది రోజుల్లో ఒక రోజు తోటకు, రెండు రోజులు రంగుకు ఇస్తే చాలు. ఇంకో ఏడు రోజులు ఏం చేయాలో పెద్దలే నిర్ణయించండి, మేం కాదనం.

అమ్మానాన్నల భయాలు కూడా విన్నాం. దారి మంచిది కాదంటారు. 2023 జూలైలో బియాస్ పొంగి హైవేను కోసుకుపోయిన సంగతి అందరికీ తెలుసు. రోడ్ల పని చేసే నాన్నలున్న మాకు ఇంకా బాగా తెలుసు. ఆ నెలంతా వాళ్ళు ఇంటికి రాలేదు. అందుకే జూలై, ఆగస్టులలో ఎవరూ వెళ్దామనడం లేదు. వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక, దసరా ముందు వెళ్దాం అంటున్నాం. రోప్‌వేకు వెళ్ళాలన్నా అదే రోడ్డు మీదే కదా వెళ్ళాలి. మందు కొట్టిన కాయలు తింటారేమో అన్న భయం సరైనదే. చెట్టు దగ్గర తినకూడదు, ఇంటికి తెచ్చి కడిగి తినాలి అన్న నియమం నిరుడూ ఉంది. నిచ్చెనలు ఎక్కడం నిరుడూ లేదు, ఈసారీ వద్దు.

మఫ్లర్ తీసుకుని మన ఊరు వెళ్తే ఏం చేసుకుంటారు, అక్కడ ఉక్కపోత కదా అని ఒక మిత్రుడు నవ్వాడు. అతను రాజమండ్రిలో ధనుర్మాసం చూడలేదు. తెల్లవారుజామున హరిదాసు వీధిలోకి వచ్చే వేళకు మా తాతయ్యలందరూ చెవుల మీదుగా మఫ్లర్ చుట్టుకునే అరుగు మీద ఉంటారు. అక్కడ ఎంత చలి ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ, తాతయ్యకు అదే హిమాలయం. నిరుడు మేం పూర్తి చేసిన ఏడు మఫ్లర్లలో నాలుగు తాతయ్యల మెడల్లోనే ఉన్నాయి. ఒకటి మాత్రం బదిలీ మీద కొచ్చిన్ వెళ్ళిన మా స్నేహితురాలు తీసుకెళ్ళింది. అక్కడ దాన్ని ఒక్కసారి కూడా మెడకు చుట్టుకోలేదట. పరీక్షల ముందు తలగడ మీద పరుచుకుని పడుకుంటుందట. వానలో తడిస్తే గొర్రె వాసన వస్తోందని, ఆ వాసనకు ఈ లోయ గుర్తుకొస్తోందని రాసింది. ఆపిల్ పండ్లు కూడా ఒక పెట్టె తీసుకెళ్ళింది, అవి పాలక్కాడ్ దాటకముందే అయిపోయాయి.

ఇక కావలసినవి రాస్తాం. ఎనిమిదో నంబరు సూదులు 26 జతలు బడిలో ఉన్నాయి, ఇంకో 14 జతలు కావాలి. నిరుడు వాడిన దారం లెక్కన మనిషికి 200 గ్రాములు, ఏ ఇంట్లోనైనా వాడని తెల్ల ఉన్ని స్వెట్టర్ ఉంటే విప్పి చిలపలు చేసి ఇవ్వవచ్చు. అయితే నిప్పు పరీక్షలో నెగ్గాలి. వంటకు మళ్ళీ వాడని పెద్ద స్టీలు గిన్నెలు రెండు, రబ్బరు చేతి తొడుగులు నలభై జతలు. దానిమ్మ తొక్కలు ఇప్పటి నుంచే ఎండబెట్టి దాచమని ఇళ్ళలో చెప్పండి. దాదాజీ నిన్న కబురు పంపారు, అక్రోట్లు వచ్చే వారం దులుపుతారట. తొక్కలు కుప్పపోసి ఉంచుతామన్నారు గానీ, ఒక వాన పడితే రంగంతా నేలలోకి దిగిపోతుంది. సోమవారంలోగా జవాబు చెప్పగలరా?